బరువు పెరిగినా పెరగని వ్యాసార్ధం: గోళాకార తారాగుచ్ఛాల నిర్మాణ సంబంధాలపై సమీక్ష

వైశాఖ మాసంలో రాత్రి పదింటికి చిత్త నక్షత్రం దక్షిణ దిక్కున బాగా పైకి వచ్చి నిలుస్తుంది. చేయి చాచి, పిడికిలి కింద పిడికిలి పెట్టుకుంటూ అక్కడి నుంచి నిట్టనిలువుగా దిగండి. మూడున్నర పిడికిళ్లు దిగాక, ఊరి దీపాల వెలుగు సోకని చోటైతే, ఒక మసక చుక్క కనిపిస్తుంది. హైదరాబాదు నుంచి చూస్తే అది క్షితిజానికి పాతిక డిగ్రీల ఎత్తులో ఉంటుంది. తిరుపతి నుంచైతే ఇంకో నాలుగు డిగ్రీలు పైకి వస్తుంది. బైనాక్యులర్స్‌తో చూస్తే అది చుక్క కాదని తేలిపోతుంది. నడుమ చిక్కగా, బయటికి పోయేకొద్దీ పలచబడుతూ, అంచు ఎక్కడో చెప్పలేని వెలుగు ముద్ద అది. పేరు ఒమేగా సెంటారీ. టాలెమీ దాన్ని నక్షత్రాల పట్టికలోనే చేర్చాడు. 1677లో సెయింట్ హెలీనా దీవి నుంచి చూసిన ఎడ్మండ్ హేలీ అది నక్షత్రం కాదని గుర్తించాడు. దాదాపు కోటి నక్షత్రాలు ఒకదాని ఆకర్షణకు ఒకటి కట్టుబడి తిరుగుతున్న గోళాకార తారాగుచ్ఛం అది. మనకు 17 వేల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలో ఉంది.

నడుమ ఎంత చిక్కదనం, ఎంత దూరానికి ఎంత పలచదనం అన్న లెక్కే ఈ వ్యాసానికి విషయం. మన పాలపుంతలో ఇలాంటి గుచ్ఛాలు సుమారు 170 తెలుసు. వాటిలో చాలావాటి వయసు 1,000 నుంచి 1,300 కోట్ల ఏళ్ల మధ్య ఉంటుంది. బరువులు మాత్రం ఒక్కదానికీ ఒక్కదానికీ పొంతన లేదు. కొన్ని వేల సూర్యుల బరువున్నవీ ఉన్నాయి, 35, 40 లక్షల సూర్యుల బరువున్న ఒమేగా సెంటారీ కూడా ఉంది. కేంద్ర సాంద్రతల్లో తేడా పది లక్షల రెట్లు దాటుతుంది. ఇంత తేడాలున్న వస్తువుల బరువు, వ్యాసార్ధం, వేగం, ప్రకాశం గ్రాఫు మీద పెడితే చుక్కలు కాగితమంతా చెదిరిపోవాలి. అలా జరగడం లేదు. అవి కొన్ని గీతల వెంట వరస కడుతున్నాయి. ఆ వరస పుట్టుకతో వచ్చిందా, బతుకులో ఏర్పడిందా అన్నదానిపై ఆరు దశాబ్దాలుగా పరిశోధన నడుస్తోంది.

ఏం కొలుస్తారు

తొలి రోజుల్లో కంటి అంచనాయే కొలత. 1927లో హార్లో షాప్లీ, హెలెన్ సాయర్ కలిసి గుచ్ఛాలను చిక్కదనాన్ని బట్టి పన్నెండు తరగతులు చేశారు. ఒకటో తరగతివి అన్నిటికన్నా చిక్కనివి, పన్నెండో తరగతివి అన్నిటికన్నా పలచనివి. అంతకు ముందే, 1911లో, ప్లమ్మర్ సాంద్రత తగ్గే తీరుకు ఒక సరళమైన సూత్రం ఇచ్చాడు. అయితే ఇప్పటికీ వాడుకలో ఉన్న కొలమానానికి పునాది వేసింది ఐవాన్ కింగ్. 1962లో ఆయన గుచ్ఛం వెలుగు తగ్గే తీరును రెండు వ్యాసార్ధాలతో చెప్పవచ్చని చూపాడు. ప్రకాశం కేంద్రంలో ఉన్నదానికి సుమారు సగమయ్యే చోటు గర్భ వ్యాసార్ధం. గుచ్ఛం పట్టు సడలి గెలాక్సీ లాగుడు పైచేయి అయ్యే చోటు ఆటుపోటు వ్యాసార్ధం. సముద్రంలో ఆటుపోట్లు తెచ్చే శక్తే ఇక్కడా పనిచేస్తుంది కనుక ఆ పేరు. ఈ రెండింటి నిష్పత్తికి లాగరిథమ్ తీస్తే వచ్చేది కేంద్రీకరణ సంఖ్య. అది 1 అంటే అంచు గర్భానికి పది రెట్ల దూరంలో ఉందని, 2 అంటే వంద రెట్ల దూరంలో ఉందని అర్థం. ఒమేగా సెంటారీకి ఇది 1.3 దగ్గర, దక్షిణాకాశంలో దాని తర్వాతంత పేరున్న 47 టుకానేకు 2 దగ్గర.

1966లో కింగ్ దీనికి చలన శాస్త్రపు ఆధారం కూడా కల్పించాడు. గుచ్ఛంలోని నక్షత్రాలు ఒకదాన్నొకటి కదిలించుకుంటూ ఒక సమతుల్యానికి వస్తాయి. తప్పించుకుపోగల వేగం అందుకున్నవి బయటికి జారిపోతాయి. ఆ జారిపోయినవాటిని లెక్కలోంచి తీసేస్తే మిగిలేదే కింగ్ నమూనా. దాన్ని పూర్తిగా వర్ణించడానికి నాలుగు సంఖ్యలు కావాలి: గర్భ వ్యాసార్ధం, కేంద్ర ప్రకాశం, కేంద్రీకరణ, వెలుగుకు బరువుకు మధ్య నిష్పత్తి.

వీటికి తోడు ఇంకో కొలత పరిశోధకులకు బాగా అచ్చివచ్చింది. మొత్తం వెలుగులో సగం ఏ గీత లోపల ఉందో చెప్పే అర్ధకాంతి వ్యాసార్ధం అది. గుచ్ఛం నడుమ ఎన్ని మార్పులు జరిగినా ఇది చాలా నిదానంగా మారుతుంది. అంచు ఎక్కడో తేలకపోయినా ఇది తేలుతుంది. పాలపుంత గుచ్ఛాల్లో ఎక్కువ వాటికి ఇది 3 పార్సెక్కుల చుట్టూ, అంటే దాదాపు 10 కాంతి సంవత్సరాల దగ్గర ఉంటుంది.

నాలుగు సంఖ్యలు రెండయ్యాయి

నాలుగు సంఖ్యలూ దేనికది స్వతంత్రమైతే గుచ్ఛాలు ఎన్ని రకాలుగానైనా ఉండవచ్చు. 1994లో జోర్గోవ్‌స్కీ, మేలాన్ అప్పటిదాకా ఉన్న కొలతలన్నీ ఒకచోట చేర్చి చూశారు. ఎక్కువ వెలిగే గుచ్ఛానికి కేంద్ర సాంద్రత ఎక్కువ, కేంద్రీకరణ ఎక్కువ, నక్షత్రాల వేగాల్లో తేడా కూడా ఎక్కువ. ఈ చివరిదాన్ని వేగ విస్తృతి అంటారు. మరుసటి ఏడు జోర్గోవ్‌స్కీ ఇంకో అడుగు వేశాడు. గర్భ వ్యాసార్ధం, వేగ విస్తృతి, కేంద్ర ప్రకాశం అనే మూడు దిక్కుల్లో గుచ్ఛాలను గుర్తిస్తే అవి ఆ జాగా అంతా నిండకుండా ఒక పలచని పలక మీదే ఉంటున్నాయని చూపాడు. దానికి మౌలిక తలం అని పేరు.

2000లో డీన్ మెక్‌లాఫ్లిన్ ఈ చిక్కుముడిని రెండు పోగులుగా విడదీశాడు. మొదటిది, పాలపుంత గుచ్ఛాలన్నిటికీ వెలుగు, బరువుల నిష్పత్తి దాదాపు ఒక్కటే. సూర్యుడికి ఆ నిష్పత్తి 1 అనుకుంటే వీటికి సగటున 1.45. రెండోది, గుచ్ఛాన్ని పూర్తిగా విప్పి నక్షత్రాలను అనంత దూరానికి చెదరగొట్టడానికి పట్టే శక్తి, అంటే బంధన శక్తి, వెలుగును బట్టి ఒక నిర్దిష్టమైన వాలుతో పెరుగుతుంది. ఆ వాలు 2.05. వెలుగు పది రెట్లయితే బంధన శక్తి వంద రెట్లు దాటుతుంది. ఈ రెండు నిబంధనలతో నాలుగు సంఖ్యల్లో రెండు తేలిపోతాయి. మొత్తం వెలుగు, కేంద్రీకరణ తెలిస్తే చాలు, గుచ్ఛం మిగతా నిర్మాణమంతా దాదాపుగా చెప్పేయవచ్చు.

ఇది పాలపుంతకే పరిమితం కాలేదు. 1997లో కెక్ టెలిస్కోపుతో ఆండ్రోమెడా గెలాక్సీ గుచ్ఛాల వేగాలు కొలిచినప్పుడు అవీ ఇదే తలం మీద పడ్డాయి. 2007లో పౌలీన్ బార్మ్‌బీ బృందం హబుల్ చిత్రాలతో అక్కడి గుచ్ఛాల కొలతలు పెంచి చూసినా అదే తేలింది. సెంటారస్ ఎ అనే భారీ గెలాక్సీలోనూ ఇదే వరస. పుట్టిన ఊరు ఏదైనా పోలికలు ఒక్కటే.

ఒక చిన్న లెక్క

ఇక్కడ ఆగి ఒక లెక్క చేసుకుంటే మౌలిక తలం ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో స్పష్టమవుతుంది. ఒక మామూలు గుచ్ఛం తీసుకుందాం. బరువు 2 లక్షల సూర్యులు. బరువులో సగం ఇమిడే వ్యాసార్ధం 4 పార్సెక్కులు. వైరియల్ సిద్ధాంతం ప్రకారం, చాలాకాలంగా నిలకడగా ఉన్న ఏ గుంపులోనైనా చలన శక్తికి, ఆకర్షణ శక్తికి ఒక లంకె ఉంటుంది. వేగాల వర్గపు సగటు అంటే బరువును వ్యాసార్ధంతో భాగించి, గురుత్వ స్థిరాంకంతోనూ 0.4తోనూ గుణించినంత. సంఖ్యలు వేస్తే సెకనుకు 9 కిలోమీటర్ల వేగం వస్తుంది. మన చూపు దిశలో కనిపించే వాటా సెకనుకు 5 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. టెలిస్కోపులు మామూలు గుచ్ఛాల్లో నిజంగా చూస్తున్నది ఇంచుమించు ఇదే. ఒమేగా సెంటారీ బరువు, వ్యాసార్ధం వేసి చూడండి, చూపు దిశలో సెకనుకు 14 కిలోమీటర్లు వస్తుంది. దాని కేంద్రంలో కొలిచిన వేగ విస్తృతి ఇంతకన్నా కొంచెం ఎక్కువ. అదీ సబబే, కేంద్రంలో వేగాలు ఎక్కువగానే ఉండాలి.

అంటే, వెలుగు బరువుల నిష్పత్తి అన్నిటికీ ఒక్కటైతే, వ్యాసార్ధం, వేగం, ప్రకాశం ఒక తలం మీద పడక తప్పదు. తలం ఉందన్న మాట న్యూటన్ సూత్రాలకు సాక్ష్యం. గుచ్ఛాల చరిత్రకు సాక్ష్యం వేరే చోట ఉంది. గుచ్ఛాలు ఆ తలాన్నంతా నింపకుండా అందులో ఒక సన్నని పట్టీలోనే ఎందుకున్నాయన్నది న్యూటన్ చెప్పలేదు. చెప్పాల్సింది గుచ్ఛాలే.

ఆ పట్టీ సారాంశం ఇది. సున్నుండలు కడుతున్నప్పుడు ఒకటికి ఎనిమిది రెట్ల పిండి తీసుకుంటే ఉండ వెడల్పు రెట్టింపవుతుంది. సాంద్రత మారదు, పరిమాణం మారుతుంది. తారాగుచ్ఛాలు అలా కట్టినవి కావు. ఎనిమిది రెట్ల నక్షత్రాలు వేసినా ఉండ సైజు సగటున అంతే ఉంటుంది, సాంద్రతే ఎనిమిది రెట్లవుతుంది. అర్ధకాంతి వ్యాసార్ధానికి బరువుతో చెప్పుకోదగ్గ సంబంధం లేదు. బంధన శక్తి బరువు వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించినంత ఉంటుంది కాబట్టి, వ్యాసార్ధం బరువును పట్టించుకోకపోతే మిగిలేది వర్గమే. మెక్‌లాఫ్లిన్ చూపిన 2.05 వాలులో ఉన్నది ఈ సంగతే. సున్నుండల లెక్కైతే ఆ వాలు 1.67 దగ్గర ఆగిపోయేది.

దీర్ఘవృత్తాకార గెలాక్సీలతో పోలిస్తే ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాటికీ ఒక మౌలిక తలం ఉంది, దాన్ని 1987లో కనుగొన్నారు. కానీ అది వైరియల్ సిద్ధాంతం చెప్పే వాలు నుంచి పక్కకు వంగి ఉంటుంది. గెలాక్సీ బరువు పెరిగేకొద్దీ అందులోని నక్షత్రాల మిశ్రమం, చీకటి పదార్థపు వాటా మారుతూ వస్తాయి. వ్యాసార్ధం కూడా బరువుతో పాటు పెరుగుతుంది. గుచ్ఛాల తలానికి ఆ వంపు లేదు. వాటిలో చీకటి పదార్థం జాడ లేకపోవడం, నక్షత్రాలన్నీ దాదాపు ఒకే కాలంలో పుట్టినవి కావడం దీనికి కారణాలు. గెలాక్సీని చూసి తేల్చలేని చాలా సంగతులు గుచ్ఛాన్ని చూసి తేల్చగలిగేది ఈ సూటిదనం వల్లే.

చోటు ప్రభావం

వ్యాసార్ధం బరువును లెక్కచేయకపోయినా చోటును లెక్కచేస్తుంది. 1991లో వాన్ డెన్ బెర్గ్, మోర్బీ, పాజ్డర్ కలిసి పాలపుంత గుచ్ఛాలను కేంద్రం నుంచి దూరాన్ని బట్టి పేర్చారు. వ్యాసార్ధం దూరానికి వర్గమూలంగా పెరుగుతోంది. దూరం నాలుగు రెట్లయితే వ్యాసార్ధం రెండు రెట్లు. కేంద్రానికి దగ్గరవి 2, 3 పార్సెక్కుల్లో ముడుచుకుని ఉంటే, దాదాపు 3 లక్షల కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఎన్‌జీసీ 2419 సుమారు 20 పార్సెక్కుల దాకా పరుచుకుంది. పాలోమార్ 14 దానికన్నా పెద్దది, అయినా బరువులో దానిముందు చాలా చిన్నది.

సూటిగా తోచే కారణం ఆటుపోటు. గెలాక్సీ కేంద్రానికి దగ్గరగా తిరిగే గుచ్ఛం అంచులను గెలాక్సీ గీకేస్తుంది. అయితే అదొక్కటే కారణమైతే సంఖ్యలు కుదరవు. ఆటుపోటు వ్యాసార్ధం దూరానికి మూడింట రెండో ఘాతంగా, బరువుకు మూడింట ఒకటో ఘాతంగా పెరగాలి. అర్ధకాంతి వ్యాసార్ధం దూరం విషయంలో కాస్త నెమ్మదిగా నడుస్తోంది. బరువు విషయంలో అసలు కదలడమే లేదు. కాబట్టి గుచ్ఛాలు తమ హద్దు నిండా పెరిగి కూర్చున్నాయని చెప్పలేం. హద్దు తగలని గుచ్ఛం లోపలి వేడితో ఉబ్బుతూ పోతుంది, హద్దు తగిలాక ముడుచుకోవడం మొదలుపెడుతుంది. 2011లో గీలెస్, హెగ్గీ, ఝావో ఈ రెండు దశలనూ ఒకే జీవితచక్రంగా కట్టి చూపారు. పాలపుంతలో రెండు దశల్లోని గుచ్ఛాలూ ఉన్నాయి.

ఈ చర్చలో పాత లోటు ఒకటి ఈమధ్యే తీరింది. గుచ్ఛం ఇవాళ ఎక్కడ ఉందో తెలిస్తే చాలదు, దాని దారి గెలాక్సీ కేంద్రానికి ఎంత దగ్గరగా వెళుతుందో తెలియాలి. గీకుడు జరిగేది అక్కడే. 2013 డిసెంబరులో బయల్దేరిన గయా ఉపగ్రహం 2018లో ఇచ్చిన రెండో విడత సమాచారంతో గుచ్ఛాల దారులు గీయడం సాధ్యమైంది. 2021లో వసిలియెవ్, బౌమ్‌గార్ట్ 170 గుచ్ఛాల కదలికలను ప్రచురించారు. ఇప్పుడు వ్యాసార్ధాన్ని నేటి దూరంతో కాక, దారిలో అతి దగ్గరి మలుపుతో పోల్చి చూడగలుగుతున్నారు.

పరాయి గెలాక్సీల్లో ఇంకో చిత్రం కనిపించింది. కన్యారాశిలోని గెలాక్సీ సమూహంలో వంద గెలాక్సీలను హబుల్‌తో పరిశీలించిన సర్వేలో, 2005లో హోర్డాన్ బృందం వేలాది గుచ్ఛాల వ్యాసార్ధాలు కొలిచింది. సగటు 2.7 పార్సెక్కులు. ఊరు మారినా ఇది ఇంతగా మారకపోవడంతో, గెలాక్సీ దూరం కొలిచే గజంబద్దగా దీన్ని వాడవచ్చని ప్రతిపాదించారు. అయితే లోహాలు తక్కువగా ఉన్న నీలి గుచ్ఛాలు, లోహాలు ఎక్కువగా ఉన్న ఎర్ర గుచ్ఛాల కన్నా దాదాపు ఐదో వంతు పెద్దవిగా తేలాయి. ఎర్రవి కేంద్రానికి దగ్గరగా ఉండటం కొంత కారణం. మిగతాది నక్షత్రాల ఆయుష్షుల తేడా వల్ల వెలుగు ఎక్కడ కేంద్రీకృతమవుతుందన్న దానిలో వచ్చే మార్పు. ఈ రెండింటి వాటాలు ఎంతెంతో తేల్చడానికి ఇంకా వాదాలు నడుస్తున్నాయి.

లోపల జరిగే తూర్పారబోత

కళ్లంలో ధాన్యం తూర్పారబడితే గట్టి గింజ దగ్గర పడుతుంది, తాలు ఎగిరి దూరం పోతుంది. తారాగుచ్ఛంలో ఇదే పని గాలి లేకుండా జరుగుతుంది. రెండు నక్షత్రాలు దగ్గరగా వచ్చినప్పుడు ఒకటి శక్తి ఇస్తుంది, ఒకటి పుచ్చుకుంటుంది. ఇచ్చేది ఎక్కువగా బరువైనదే. ఇచ్చినది నడుమకు దిగుతుంది, పుచ్చుకున్న తేలిక నక్షత్రం బయటికి పోతుంది. మనం పైన తీసుకున్న మామూలు గుచ్ఛంలో ఒక నక్షత్రం ఆ 4 పార్సెక్కుల వ్యాసార్ధమంత దూరం వెళ్లడానికి నాలుగైదు లక్షల ఏళ్లు పడుతుంది. ఈ శక్తి పంపకం గుచ్ఛమంతటా పూర్తవడానికి 100 నుంచి 200 కోట్ల ఏళ్లు పడుతుంది. గుచ్ఛం వయసు 1,200 కోట్ల ఏళ్లు. అంటే ఆరు నుంచి పన్నెండు సార్లు తూర్పారబట్టినంత పని జరిగిపోయింది. గర్భంలోనైతే ఇది ఇంకా ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది.

ఆకర్షణతో కట్టుబడిన గుంపుకు ఒక వింత గుణం ఉంది. శక్తి పోగొట్టుకుంటే చల్లబడదు, ఇంకా వేడెక్కుతుంది. నక్షత్రాలు లోపలికి దిగి మరింత వేగంగా తిరుగుతాయి. వేడెక్కిన గర్భం బయటికి ఇంకా శక్తి పంపుతుంది, ఇంకా ముడుచుకుంటుంది. 1968లో లిండెన్-బెల్, వుడ్ ఈ అదుపు తప్పిన ముడుచుకుపోవడాన్ని సవివరంగా విశ్లేషించారు. దీన్ని ఆపేది జంట నక్షత్రాలు. గర్భంలో పుట్టిన, లేదా అక్కడికి దిగిన జంటలు తమ కక్ష్యలను బిగించుకుంటూ చుట్టూ ఉన్నవాటికి శక్తి వదులుతాయి, కుంపట్లో బొగ్గుల్లా. బయటికి ఎంత శక్తి పోతోందో అంతే లోపల పుట్టాలని మిషెల్ ఎనో 1961లోనే గ్రహించాడు. నక్షత్రం లోపలి అణు కొలిమికి కూడా ఇదే నియమం. 1986లో జోర్గోవ్‌స్కీ, కింగ్ పాలపుంత గుచ్ఛాల్లో ఐదింట ఒకటి ఇలా గర్భం కుప్పకూలినదని చూపారు. వాటిలో పేరున్నది ఎమ్15. దాని ప్రకాశం కేంద్రం దాకా పెరుగుతూనే పోతుంది.

ముదిరిన గుచ్ఛాల్లో ఈ తూర్పారబోత ఎంత సాగిందో చెప్పడానికి గడియారాలు కూడా దొరికాయి. తోటి నక్షత్రాల కన్నా బరువుగా, నీలంగా మెరిసే నీలి విచిత్ర తారలు, అంటే బ్లూ స్ట్రాగ్లర్స్, నడుమకు ఎంతవరకు దిగాయో చూసి గుచ్ఛపు చలన వయసు చెప్పవచ్చని 2012లో ఫెరారో బృందం చూపింది. ఇలాంటి వేడి నక్షత్రాలను అతినీలలోహిత కాంతిలో వెతకడానికి, 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి నింగికెగసిన ఆస్ట్రోశాట్ బాగా ఉపయోగపడుతోంది. దాని యూవిట్ టెలిస్కోపు ఎన్‌జీసీ 5466 గుచ్ఛపు శివార్లలోని ఒక నీలి విచిత్ర తారకు తెల్ల మరుగుజ్జు తోడు ఉందని 2019లో పట్టిచ్చింది. అది జంటలో బరువు మార్పిడి వల్ల పుట్టిందనడానికి అదొక ఆధారం.

ఇంకో నిప్పు కూడా లోపల ఉంది, కంటికి కనిపించదు. పెద్ద మెజెలానిక్ మేఘంలో పసి గుచ్ఛాలు, ముసలి గుచ్ఛాలు పక్కపక్కనే ఉంటాయి. 2003లో మాకీ, గిల్మోర్ హబుల్ చిత్రాలతో అక్కడి 53 గుచ్ఛాలను కొలిచారు. పసివాటి గర్భాలన్నీ చిన్నవే. ముసలివాటిలో కొన్ని చిన్నగానే ఉండిపోయాయి, కొన్ని ఎన్నో రెట్లు ఉబ్బాయి. ఈ చీలికకు కృష్ణబిలాలు కారణం కావచ్చని తర్వాత అనుకరణలు చూపాయి. నక్షత్ర బరువున్న కృష్ణబిలాలు గుచ్ఛంలో నిలిచిపోతే, అన్నిటికన్నా బరువైనవి కనుక నడుమ చేరి తక్కినవాటిని బయటికి నెట్టి గర్భాన్ని ఉబ్బిస్తాయి. అవన్నీ ఎగిరిపోయాకే కుప్పకూలడం మొదలవుతుంది. 2018లో ఎన్‌జీసీ 3201లో ఒక నక్షత్రం కనబడని తోడు చుట్టూ తిరగడం చూసి, ఆ తోడు సూర్యుడికి కనీసం నాలుగు రెట్ల బరువున్న కృష్ణబిలమని తేల్చారు. 2021లో గీలెస్ బృందం, పలచగా పరుచుకుని పొడవాటి తోకలు వదులుతున్న పాలోమార్ 5 బరువులో ఐదో వంతుకు మించి కృష్ణబిలాలే ఉండాలని అనుకరణలతో వాదించింది.

పుట్టుక ఏం ఇచ్చింది

గర్భం ఇలా మారుతూ పోయింది, అంచు అరుగుతూ పోయింది. మరి వ్యాసార్ధం బరువును పట్టించుకోకపోవడం ఎక్కడిది? గుచ్ఛాలు పుట్టేది వాయు మేఘాల్లో. 1981లో రిచర్డ్ లార్సన్ చూపినట్టు మేఘాల వ్యాసార్ధం వాటి బరువుకు దాదాపు వర్గమూలంగా పెరుగుతుంది. పెద్ద మేఘం పెద్దదే. దాని బిడ్డ మాత్రం చిన్న మేఘపు బిడ్డంతే ఉంది. 2001లో యాష్‌మన్, జెఫ్ ఒక మార్గం సూచించారు. మేఘపు బంధన శక్తి ఎక్కువైతే అందులోని వాయువు ఎక్కువ శాతం నక్షత్రాలవుతుంది, మిగిలిన వాయువు చెదిరిపోయినప్పుడు గుచ్ఛం తక్కువ ఉబ్బుతుంది. చిన్న మేఘంలో వాయువు ఎక్కువ పోయి గుచ్ఛం బాగా ఉబ్బుతుంది. రెండూ చివరికి ఒకే వ్యాసార్ధం దగ్గరకు చేరతాయి.

ఇన్నాళ్లూ ఇది ముసలివారిని చూసి వారి బాల్యాన్ని ఊహించడంలా ఉండేది. 2024లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఆ బాల్యాన్నే చూపింది. ఒక గెలాక్సీ సమూహపు ఆకర్షణ కటకంలా పనిచేసి పెద్దదిచేసి చూపిన కాంతి రేఖలో, విశ్వం పుట్టిన 46 కోట్ల ఏళ్లకే ఉన్న ఐదు పసి గుచ్ఛాలు కనిపించాయి. ఆంజెలా అడామో బృందం ప్రకటించిన ప్రకారం ఒక్కోటి పది లక్షల సూర్యుల కోవలోది, వ్యాసార్ధం సుమారు 1 పార్సెక్కు. నేటి 3 పార్సెక్కుల్లో మూడో వంతు. మధ్యలో ఏం జరిగిందో తెలిసిన కథే. పెద్ద నక్షత్రాలు చచ్చిపోయి బరువు తగ్గింది, జంటలు, కృష్ణబిలాలు లోపల వేడి పెట్టాయి, గుచ్ఛం ఉబ్బింది. ఉబ్బినా అన్నీ ఇంచుమించు ఒకే కొలతకు వచ్చాయి.

గీత తెగే చోట్లు, జాగ్రత్త పడాల్సిన చోట్లు

బరువు 20 లక్షల సూర్యులు దాటాక, బరువు పట్ల వ్యాసార్ధం చూపే ఈ నిర్లక్ష్యం ఆగిపోతుంది. అక్కడి నుంచి వ్యాసార్ధం బరువుతో పాటు పెరగడం మొదలవుతుంది. ఫోర్నాక్స్, కన్యారాశి గెలాక్సీ సమూహాల్లో దొరికిన అతి దట్టమైన మరుగుజ్జు గెలాక్సీలు ఈ కొత్త గీత మీద ఉంటాయి. వాటిలో కొన్ని చిన్న గెలాక్సీల కేంద్రాలు, బయటి తొడుగు పోయి మిగిలినవి. ఒమేగా సెంటారీ కూడా అలాంటి కేంద్రమే కావచ్చని బలమైన అభిప్రాయం. 2024లో హేబర్లే బృందం దాని నడుమ తప్పించుకుపోవాల్సిన వేగంతో తిరుగుతూ కూడా తప్పించుకోని ఏడు నక్షత్రాలను గుర్తించి, అక్కడ కనీసం 8,200 సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉండాలని చెప్పింది. ఇంకో వైపు ఆండ్రోమెడా శివార్లలో 2005లో బయటపడ్డ విశాల గుచ్ఛాలు 30 పార్సెక్కుల దాకా పరుచుకున్నాయి.

ఈ సంబంధాలను చదివేటప్పుడు మూడు జాగ్రత్తలు మరవకూడదు. దూరం కొలతలో 10 శాతం పొరపాటు వస్తే వ్యాసార్ధం 10 శాతం, వెలుగు 20 శాతం ఒకే వైపు జరుగుతాయి. ఒకే తప్పు రెండు అక్షాల మీదా పడి, లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపగలదు. రెండోది, కింగ్ నమూనా అంచును మరీ పదునుగా కోసేస్తుంది. 2005లో మెక్‌లాఫ్లిన్, వాన్ డెర్ మారెల్ పాలపుంతలోనూ దాని ఉపగెలాక్సీల్లోనూ 153 గుచ్ఛాలను మళ్లీ లెక్కగట్టి, చాలావాటి అంచులు కింగ్ చెప్పినదానికన్నా దూరం పోతున్నాయని, అంచును అంత పదునుగా కోయని విల్సన్ నమూనా వాటికి మెరుగ్గా సరిపోతోందని చూపారు. మూడోది, వెలుగు బరువుల నిష్పత్తి అందరికీ ఒక్కటేనన్న ఊహ. 2011లో స్ట్రేడర్ బృందం ఆండ్రోమెడాలో రెండు వందల గుచ్ఛాలు కొలిస్తే, లోహాలు ఎక్కువున్నవాటిలో ఈ నిష్పత్తి సిద్ధాంతం ఆశించిన దానికన్నా తక్కువగా వచ్చింది.

వీటన్నిటికీ మించి, మనం చూస్తున్నది బతికి బట్టకట్టినవాటినే. 1977లో ఫాల్, రీస్, 1997లో గ్నెడిన్, ఓస్ట్రైకర్ చూపినట్టు, మరీ పలచనివి ఆటుపోటుకు చెదిరిపోతాయి, మరీ తేలికవి ఆవిరవుతాయి. బరువైనవి మరీ దగ్గరగా ఉంటే కేంద్రంలోకి జారిపోతాయి. బరువు, వ్యాసార్ధాల గ్రాఫులో మిగిలేది ఒక త్రిభుజం లాంటి చోటు. వరస కట్టడంలో కొంత భాగం పోయినవాళ్ల గైర్హాజరీ.

రెండు గుచ్ఛాలు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. గుచ్ఛాల విషయంలో ఈ సామెతను భాగాలుగా పంచుకోవాలి. బంధన శక్తి వాలు, బరువుకు లొంగని వ్యాసార్ధం చాలావరకు పుట్టుక ఇచ్చినవి. గర్భం, కేంద్రీకరణ బతుకు మార్చినవి. అంచు చుట్టూ ఉన్న గెలాక్సీ చెక్కినది. ఇన్నేళ్ల కొలతలను చదివిన మీదట నాకు బలంగా తోచేది ఇదే. ఈ మూడింటినీ ఒకే గ్రాఫులో కలిపి చదివినప్పుడల్లా వాదాలు ముదిరాయి, విడదీసి చదివినప్పుడల్లా విషయం ముందుకు నడిచింది.

ఈ విభజనను చూడటానికి మన ఆకాశంలోనే రెండు గుచ్ఛాలున్నాయి. ఆశ్వయుజంలో రాత్రి ఎనిమిది, తొమ్మిదింటికి ఎమ్15 తెలుగు నేల మీద దాదాపు నడినెత్తికి వస్తుంది. బైనాక్యులర్స్‌లో చిన్న మసక చుక్క. దాని నడుమ చిక్కదనం బతుకు చేసిన పని. ఎన్నోసార్లు తూర్పారబట్టిన కళ్లం అది, పుట్టినప్పటి గర్భం జాడ అందులో మిగల్లేదు. ఒమేగా సెంటారీలో శక్తి పంపకం గుచ్ఛమంతటా పూర్తవడానికి సుమారు 1,200 కోట్ల ఏళ్లు పడుతుంది, ఇంచుమించు దాని వయసంత కాలం. అక్కడ తూర్పారబోత ఇంకా సగంలోనే ఉంది. వైశాఖంలో చిత్త కింద కనిపించే ఆ పలచని అంచు, నిదానంగా చిక్కబడే నడుమ, తన పుట్టుక తీరును ఇంకా చాలావరకు దాచుకునే ఉన్నాయి.